సర్ తామస్ మోరు వంశము: తండ్రి వ్రాసియుంచిన జననపట్టిక

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ట్రినిటీ కళాశాల పుస్తకభాండాగారమునందు ఓ. 2. 21 అను గుఱుతుగల వ్రాతప్రతి యొకటి కలదు. అందలి ముఖ్యగ్రంథము పండ్రెండవ శతాబ్దిలో మన్మతు వాసియగు జెఫ్రీ యనునాతఁడు లాటిను భాషలో రచించిన బ్రిటను రాజుల చరిత్రము. థామస్ గేలు అను పండితుఁడు కూర్చిన వ్రాతప్రతులను అతని కుమారుఁడగు రోజరు గేలు 1738వ సంవత్సరమున ఆ కళాశాల కొసంగెను. ఈ ప్రతియు వానిలోనిదే. దీని చివరి పత్రములమీఁద మూలగ్రంథముతో నేమాత్రమును సంబంధములేని కొన్ని పంక్తులు లాటినులోనే వ్రాయఁబడియున్నవి. ఒక వివాహము, ఆఱుగురు బిడ్డల జననములు, విషయ మింతే. తాళపత్రగ్రంథముల తుది యాకులమీఁద గృహస్థులు తమ బిడ్డల జననకాలము వ్రాసికొనుట తెలుఁగు పండితు లెఱిఁగినదే కావున, ఈ యాచారము వారికి వింతగాఁ దోఁపదు. 1868వ సంవత్సరమున విలియం ఆల్డిస్ రైటు అను విద్వాంసుఁడు ఈ పంక్తులను బ్రకటించువఱకు వీని విలువ లోకమునకుఁ దెలియలేదు.

ఆ వివాహము చేసికొన్నవాఁడు జాన్ మోరు. ఆ యాఱుగురిలో రెండవ బిడ్డ తామస్. ఈ తామస్ మోరే తరువాత లండను న్యాయవాదులలో నగ్రగణ్యుఁడై, 1516లో యుటోపియా యను గ్రంథమును బ్రకటించి, 1529 మొదలు 1532 వఱకు ఎనిమిదవ హెన్రీ రాజునకు లార్డు చాన్సలరుగా నుండి, ఆంగ్లదేశపు క్రైస్తవసంఘమునకు రాజే శిరస్సనుటకు సమ్మతింపక, 1535 జూలై 6వ తేదీని శిరశ్ఛేదము పొందెను. 1935లో రోమను కాథలిక్కు మతపీఠము అతనిని పరిశుద్ధులలోఁ జేర్చినది. ఇంతటివాని జీవితచరిత్రములు అతని మరణానంతరము తరతరమునను వ్రాయఁబడుచునే వచ్చినవి. అయినను అతని తాత యెవఁడు, తల్లి పేరేమి, అతఁడు పుట్టిన దినమేది యను మూఁడు చిన్న ప్రశ్నలకు మున్నూఱేండ్లకుఁ బైగా సరియైన సమాధానము లేకపోయెను. సమాధానములు లేకపోలేదు, ఉన్నవి తప్పులు.

తన వంశమునుగుఱించి మోరు స్వయముగాఁ జెప్పిన మాట యొకటి కలదు. 1532లో ఉద్యోగమును విడిచిన పిమ్మట అతఁడు చెల్సీ గ్రామపు దేవాలయమున తన సమాధికొఱకు లాటినులో నొక శిలాలేఖమును రచించి చెక్కించెను. అందుఁ దాను ప్రసిద్ధమైన కులమునఁ బుట్టలేదనియు, అయినను గౌరవముగల కుటుంబమునఁ బుట్టితి ననియుఁ జెప్పుకొనెను. తండ్రియగు జానును మాత్రము సౌమ్యుఁడు, దయాళువు, న్యాయశీలుఁడు అని పెక్కు విశేషణములతోఁ గొనియాడెను. తాతపేరు అందు లేదు. ఈ వాక్యమును చదివినవారు రెండు తెఱఁగుల నర్థము చేసికొనిరి. ఇది వినయోక్తియని కొందఱు, ఉన్నమాటయని కొందఱు. మహాపురుషులు తమ కులమునుగుఱించి తగ్గించి చెప్పుకొనుటయు, వారి వంశీయులు దానిని హెచ్చించి చెప్పుటయు అన్ని దేశములయందును గలదు. కావున ఈ వాక్యమునకుఁ బ్రమాణము వేఱొకచో వెదకవలసియుండెను.

మోరు అల్లుఁడగు విలియం రోపరు, మేరీ రాణి రాజ్యకాలమున మామగారి చరిత్రమును వ్రాసెను. అది చిన్నదైనను మిక్కిలి విలువగలది. కాని రోపరునకుఁ గావలసినది మామగారి నడవడి, వంశవృక్షము కాదు. 1588లో స్టేపుల్టను పండితుఁడు లాటినులోఁ బ్రకటించిన చరిత్రమును వంశవిషయమున నంత పొడుగు పోలేదు. ఈ లోపమును దీర్పఁబూనినవాఁడు మోరుని మునిమనుమఁడు క్రెసాకర్ మోరు. ఇతఁడు 1572లో జన్మించి 1649లో మరణించెను. ఇతని గ్రంథము చిరకాలము అతని సోదరునిదిగా నెన్నఁబడుచుండెను. 1828లో జోసెఫ్ హంటరు దానిని మరల ముద్రించి, కర్త క్రెసాకరేయని స్థాపించెను.

క్రెసాకరు వాదము చదువఁదగినది. న్యాయాధిపతియైన జాన్ మోరు పుట్టుకతోనే వంశచిహ్నములు ధరించినవాఁడనియు, ఆ చిహ్నఫలకము నాలుగు పాళ్లుగా విభజింపఁబడి యున్నదిగాన అది వంశక్రమాగతమే యనియు, కావున అతని పూర్వులు కులీనులే యై యుండవలెననియు నాతని తర్కము. వారెవరో పేర్లతోఁ జెప్పలేకపోవుటకుఁ గారణము, రాజు హెన్రీ తమ కుటుంబపు దస్తావేజులనెల్ల స్వాధీనము చేసికొనుట యని యతఁడు వ్రాసెను. ఐర్లండునందలి మోరు వంశమువారు తమనుండి వచ్చినవారో, తాము వారినుండి వచ్చినవారో యని విన్నట్లును వ్రాసెను. మోరుని తల్లి బెడ్‌ఫర్డుషైరునందలి హోలీవెల్లు గ్రామపు హాండ్‌కోంబు వారి యింటి యాఁడుబిడ్డ యని చెప్పెను. ఈ మాటలలో ఒక్కటి మాత్రము నిశ్చయముగా సత్యము: దస్తావేజులు పోయినవనునది. రాజద్రోహాపరాధము నిర్ణీతమైనవాని యాస్తి రాజునకుఁ జేరుట నాఁటి శాసనము. ఆస్తితోఁగూడ నాస్తిపత్రములును బోవును. పత్రములతోఁగూడ కుటుంబపు జ్ఞాపకమును బోవును. క్రెసాకరు అసత్యము చెప్పఁదలఁచినవాఁడని యనరాదు. ఖాళీయైన చోటును గౌరవముతో నింపఁజూచినవాఁడు. చిహ్నమునుండి కులమును, కులమునుండి పూర్వులను ఊహించుట తర్కమున నెంత దుర్బలమో అతఁడు గమనింపలేదు. లేదా గమనింప నిష్టపడలేదు.

పందొమ్మిదవ శతాబ్ది నడుమ ఎడ్వర్డు ఫాసు అను చరిత్రకారుఁడు వేఱొక మార్గముఁ ద్రొక్కెను. ఇతఁడు ఆంగ్లదేశపు న్యాయాధిపతులందఱి చరిత్రములను సంపుటములుగా వ్రాసినవాఁడు. తామస్ మోరు, అతని తండ్రి జాను ఇద్దఱును లండనునందలి లింకన్సు ఇన్ను అను న్యాయవిద్యాలయమునకుఁ జేరినవారు. ఆ విద్యాలయముల సభ్యులు ఒక్కచోట భుజించుచు, వ్యవహారశాస్త్రమును వాదోపవాదములచే నభ్యసించుచుండెడివారు. ఆ విద్యాలయపు పురాతన లెక్కపుస్తకములయందు, అచ్చటనే భాండారియై, పిమ్మట గృహకృత్యాధికారియై, తన సేవకుఁ బ్రతిఫలముగా సభ్యత్వము పొంది, తుదకు ఉపన్యాసకుఁడైన జాన్ మోరు ఒకఁడును, మఱియు నచ్చటనే భాండారిగా నున్న చిన్న జాన్ మోరు ఒకఁడును గానవచ్చుచున్నారు. పెద్దవాఁడు చాన్సలరునకుఁ దాతయనియు, చిన్నవాఁడు తండ్రియనియు ఫాసు నిర్ణయించెను. ఈ వాదము క్రెసాకరు వాదముకంటె నెన్నో రెట్లు మేలైనది. ఏలయన నిది లిఖితసాక్ష్యముమీఁద నాధారపడినది. కాని ఒక్క పేరుగలవా రిద్దఱు ఒక్క చోట నుండుట తండ్రికొడుకు లగుటకుఁ జాలిన ప్రమాణము కాదు. మోరు అను పేరు ఆ దేశమున నరుదైనది కాదు. జాన్ అను పేరు అంతకంటెను సామాన్యము.

ఇట్లుండఁగా 1868లో కేంబ్రిడ్జి పత్రము బయటఁబడెను. దానియందలి మొదటి విషయము వివాహము. నాలుగవ ఎడ్వర్డు రాజ్యసంవత్సరములలోఁ బదునాలుగవదానియందు, సెయింటు మార్కు పండుగ ముందటి దినమైన యాదివారమున, అనఁగా 1474 ఏప్రిల్ 24వ తేదీని, జెంటిల్మన్ అను బిరుదుగల జాన్ మోరు, తామస్ గ్రేంజరు కుమార్తెయగు ఆగ్నెసును లండను క్రిపుల్‌గేటు వెలుపలి సెయింటు గైల్సు పారిష్‌నందుఁ బెండ్లియాడెను. తరువాత బిడ్డల జననములు. జోహానా 1475 మార్చి 11వ తేదీ శనివారము. పిమ్మట తామస్. అటుపిమ్మట ఆగథా 1479 జనవరి 31, జాన్ 1480 జూన్ 6, ఎడ్వర్డు 1481 సెప్టెంబరు 3, ఎలిజబెత్తు 1482 సెప్టెంబరు 22. తేదీలు క్రీస్తుశకమునఁ గాక రాజ్యసంవత్సరములతో నీయఁబడినవి. తండ్రి వకీలు, దస్తావేజు వ్రాయు పద్ధతి యతని చేతికి వచ్చినది. కావుననే బిడ్డ పుట్టిన సంవత్సరము, మాసము, తేదీ, వారమేకాక గంటనుగూడ వ్రాసెను.

ఈ జాన్ మోరు చాన్సలరు తండ్రియే యనుటకు సాక్ష్య మేమి? పత్రమున నా మాట లేదు, ఉండఁజాలదు. వ్రాయునప్పటికి తామస్ ఊయెలలోని శిశువు. అయినను జోహానా, ఎలిజబెత్తు అను పేర్లు చాన్సలరు సోదరీమణుల పేర్లే యని వేఱు మూలములచేఁ దెలియును. తండ్రి జాను అనుటకు లింకన్సు ఇన్ను పుస్తకమే సాక్షి. అందు 1496 ఫిబ్రవరి 12వ తేదీని తామస్ మోరు తండ్రియగు జాన్ మోరు కోరికమీఁద చేర్చుకొనఁబడినట్లున్నది. కాలమును సరిపోవుచున్నది. ఇన్ని గుఱుతు లొక్కమాఱు కలియుట యాదృచ్ఛిక మనువారు ఎవరును లేరు.

ఈ పత్రముచేఁ దీఱిన మొదటి సందేహము తల్లి పేరు. ఆమె హాండ్‌కోంబు వారి బిడ్డ కాదు, ఆగ్నెసు గ్రేంజరు. ఇచట నొక చిత్రము గలదు. వివాహమైన మఱునాఁటి రాత్రి ఆమెకు వచ్చిన స్వప్నము నొకదానిని క్రెసాకరు తన గ్రంథమునఁ బదిలముగా నెక్కించెను. పెండ్లియుంగరముమీఁదఁ దనకుఁ బుట్టఁబోవు బిడ్డల ముఖములు చెక్కినట్లుండెననియు, వానిలో నొకటి మసకగా నుండెననియు, ఒకటి మిక్కిలి వెలుఁగుచుండెననియు నా స్వప్నము. మాయాదేవి స్వప్నమును, త్రిశలాదేవి స్వప్నములను ఎఱిఁగిన పాఠకులకు ఇట్టి కథలు పుట్టు విధము తెలియును. కుటుంబమువారు కలను నూఱేండ్లు మఱువలేదు; కలగన్నయామె పేరు మఱచిరి. పత్రమునందైనను ఆమె పేరు వివాహవాక్యమున నొక్కమాఱే వచ్చును. బిడ్డల నందఱను జాన్ మోరు కుమారుఁడు, జాన్ మోరు కుమార్తె యనియే వ్రాసిరి.

రెండవ సందేహము జననదినము. పూర్వచరిత్రకారులు 1480 అని చెప్పుచుండిరి. పత్రము దానిని కొట్టివేసినది. కాని దానిస్థానమునఁ దాను చెప్పినది తనలోఁ దానే కుదరకయున్నది. తామస్ జననమును దెల్పు పంక్తులలో నాలుగు గుఱుతులు గలవు. మేరీమాత శుద్ధిపండుగ తరువాత వచ్చు శుక్రవార మనునది మొదటిది. ఫిబ్రవరి 7వ తేదీ యనునది రెండవది. తెల్లవాఱుజామున రెండు మూఁడు గంటల నడుమ ననునది మూఁడవది. నాలుగవ ఎడ్వర్డు పదునేడవ రాజ్యసంవత్సర మనునది నాలుగవది. ఎడ్వర్డు రాజ్యసంవత్సరములు 1461 మార్చి 4వ తేదీనుండి లెక్కింపఁబడుచుండెను గావునఁ బదునేడవ సంవత్సరము 1477 మార్చి 4వ తేదీని మొదలై 1478 మార్చి 3వ తేదీతో ముగిసినది. అందు వచ్చు ఫిబ్రవరి 1478 ఫిబ్రవరి. ఆ యేఁట ఫిబ్రవరి 7 శనివారము, శుక్రవారము కాదు. శుద్ధిపండుగ ఫిబ్రవరి 2వ తేదీని, సోమవారమునఁ బడినది. తరువాతి శుక్రవారము 6వ తేదీ. మఱి వెనుకటి యేఁడగు 1477నఁ జూచితిమేని, పండుగ ఆదివారము, తరువాతి శుక్రవారము సరిగా 7వ తేదీ. అన్నియుఁ గుదిరినవి, కాని అది పదునాఱవ రాజ్యసంవత్సరము.

శాసనములను సరిచూచువారికి ఇట్టి చిక్కు క్రొత్తది కాదు. శకవర్షము, తిథి, వారము మూఁడును బొసఁగని శాసనములు తెలుఁగునాఁటఁ బెక్కులు గలవు. 1922లో స్వామికన్ను పిళ్లెగారి పంచాంగపట్టికలు వెలువడిన పిదప, అట్టివానిని పరీక్షించుట సులభమైనది. గతసంవత్సరమును వర్తమానసంవత్సరముగాఁ దలఁచుట, మాసమును మార్చి చెక్కుట, ఇట్టి దోషములు బయటఁబడినవి. అచ్చటి నియమమే యిచ్చటను వర్తించును. కుదరని గుఱుతులలో ఏది తప్పుటకు సులభమో, ఏది తప్పుట కష్టమో చూడవలెను.

ఈ పత్రమునఁ దక్కిన తేదీలు పొరపాటున వ్రాసినవి కావు. వివాహమునకుఁ జెప్పిన ఆదివారమును, జోహానా జననమునకుఁ జెప్పిన శనివారమును గణితమునకు సరిపోవుచున్నవి. కావున వ్రాసినవాఁడు అజాగ్రత్తపరుఁడని త్రోసివేయుటకు వీలులేదు. తామస్ విషయమున నేది తప్పియుండును? పండుగ, వారము జనులు కన్నులారఁ జూచునవి. తేదీ దానితోఁ గట్టువడియున్నది. రాజ్యసంవత్సర మట్లు కాదు, అది లెక్క. ఫిబ్రవరి నెల రాజ్యసంవత్సరపుఁ జివరి భాగమునఁ బడుచున్నది. జాన్ మోరు బిడ్డ పుట్టిన నాఁడే గాక, కొన్ని వారముల తరువాత మార్చి నాలుగవ తేదీ దాఁటినపిమ్మట నీ పంక్తులు వ్రాసియుండినయెడల, ప్రతిదినము దస్తావేజులందు పదునేడు అని వ్రాయుచున్న చేయి ఇచటను పదునేడు అనియే వ్రాయుట మిక్కిలి సహజము. క్రొత్త సంవత్సరము వచ్చిన దినములలో పాతసంవత్సరమును వ్రాయువారును, పాతసంగతికి క్రొత్తసంవత్సరమును వ్రాయువారును ఎల్లకాలమును గలరు. ఈ యూహ ప్రకారము జననదినము 1477 ఫిబ్రవరి 7.

రెండవ పక్షమువారికిని మార్గము లేకపోలేదు. ఎన్నఁడో జరిగినదానికిఁ గాక అప్పుడే జరిగినదానికి సంవత్సరమును దప్పుట యరిది యనియు, తేదీసంఖ్యలో నొకటి హెచ్చుట సులభమనియు వారు చెప్పుదురు. వీరి మతమున 1478 ఫిబ్రవరి 6. ఇందు మూఁడవ గుఱుతగు గంటనుగూడ విచారింపవలెను. బిడ్డ పుట్టినది తెల్లవాఱుజామున రెండు మూఁడు గంటల నడుమ. భారతదేశపుఁ బంచాంగమున వారము సూర్యోదయమున మాఱును. శనివారము తెల్లవాఱకమునుపు పుట్టిన బిడ్డ శుక్రవారమునఁ బుట్టినట్లే యెన్నఁబడును. లండను గృహస్థులును ఆ రాత్రిని శుక్రవారపు రాత్రిగాఁ దలఁచి, తేదీ మాత్రము నడిరేయి దాఁటినందున 7 అని వ్రాసియుండిన, 1478వ సంవత్సరమునందే శుక్రవారమును 7వ తేదీయును రెండును నిలుచును. ఈ సమాధానము మనోహరమైనదే కాని, వారమును సూర్యోదయముననుసరించియు, తేదీని నడిరేయి ననుసరించియు ఒక్క వాక్యమున నొక్కఁడే లెక్కించె నని చెప్పవలసివచ్చుట దీనికి గొప్ప లోపము. న్యాయశాస్త్రము చదివినవాని విషయమున నీ లోపము మఱింత పెద్దది.

తోడఁబుట్టువుల వయోభేదములు చూచినను తేలదు. 1477 అనుకొన్న, తామసునకు ముందును వెనుకను దాదాపు రెండేసి యేండ్ల యెడము వచ్చును. 1478 అనుకొన్న, ముందు మూఁడేండ్లకుఁ గొంచెము తక్కువ, వెనుక ఏఁడాదికి నొక వారము తక్కువ. చివరి ముగ్గురు బిడ్డలు పదునాఱు నెలలలోపు యెడముతోనే పుట్టిరి గనుక ఇదియు నసంభవము కాదు. 1519 జూలైలో ఎరాస్మస్ తన స్నేహితుఁడగు హుట్టెనునకు వ్రాసిన ప్రసిద్ధమైన లేఖలో మోరు నలువదేండ్లు దాఁటి యెంతోకాలము కాలేదని చెప్పెను. దానికి రెండు సంవత్సరములును సరిపోవును. పండితు లిప్పటికిని రెండు పక్షములుగనే యున్నారు. నిఘంటువులు సాధారణముగా 1478 అని ముద్రించును. గుఱుతుల బలాబలములను బట్టి చూడఁగా 1477 పక్షమే కొంత బలవత్తరముగాఁ దోఁచుచున్నది.

చిత్రకారుఁడు హాల్బైన్ గీసిన కుటుంబచిత్రపు రేఖాపటమును ఇచటఁ జెప్పఁదగును. అది బేసెలు నగరపు చిత్రశాలలో నున్నది. 1526 శరత్తునుండి 1528 వేసవివఱకు హాల్బైన్ ఆంగ్లదేశమున నుండెను. మోరు ఇంటివారినందఱ నొక్క పటమునఁ జిత్రించెను. పెద్దచిత్రము 1752లో అగ్నికి నాహుతియైనది. రేఖాపటము మాత్రము మిగిలినది. దానిమీఁద జ్యోతిశ్శాస్త్రజ్ఞుఁడగు నికొలాస్ క్రాట్జరు ఒక్కొక్కరి పేరును వయస్సును వ్రాసెను. తామసునకు 50, తండ్రి జానుకు 76. తామసు వయస్సు జనన సంవత్సరమును దేల్పదు. ఏలయన ఏఁబదియవ యేఁడు నడుచుచున్నదనియు, ఏఁబది నిండినవనియు రెండు విధముల దాని నర్థము చేయవచ్చును. జాను వయస్సు మాత్రము మిక్కిలి యుపకరించినది. దానిని బట్టి యతఁడు 1451 ప్రాంతమునఁ బుట్టినవాఁడు.

మూఁడవ ప్రశ్న తాతను గుఱించినది. దీనికిఁ గేంబ్రిడ్జి పత్రమును సమాధానము చెప్పదు. ఆ సమాధానము లండను నగరపు వీలునామాలనుండియు, ఆస్తిపత్రములనుండియు ఇరువదవ శతాబ్దిలో వచ్చినది. 1935లో చాంబర్సు ప్రకటించిన జీవితచరిత్రమును, 1961లో మార్గరెట్ హేస్టింగ్సు ఈ వంశమూలములమీఁద వ్రాసిన వ్యాసమును ఇందు ముఖ్యములు. జాన్ మోరు తండ్రి విలియం మోరు, లండను పౌరుఁడు, రొట్టెలు కాల్చి యమ్ము వృత్తివాఁడు. అతఁడు 1467లో మరణించెను. హాల్బైన్ పటమునందలి వయస్సు ప్రకారము అప్పటికి జానుకు సుమారు పదునాఱేండ్లు. విలియం భార్య జోహానా. ఆమె బీరు కాచి యమ్ము జాన్ జోయి కుమార్తె, వారసురాలు. ఆమెకుఁ దల్లివైపు తాత జాన్ లెస్టరు. ఇతఁడు చాన్సరీ కార్యాలయమున లేఖకుఁడు. ఇట్లు ఫాసు చెప్పిన లింకన్సు ఇన్ను తాత పోయెను. క్రెసాకరు చెప్పిన కులీనులు అంతకుముందే పోయిరి.

రొట్టెలమ్మువాఁడు, బీరు కాచువాఁడు అనఁగానే దరిద్రులని తలఁపరాదు. నాఁటి లండనున వృత్తిసంఘమునఁ జేరి పౌరస్వాతంత్ర్యము పొందినవాఁడు నగరపాలనమునఁ బాలుగలవాఁడు; ఇండ్లను, దుకాణములను, భూములను గొనువాఁడు. అయినను వంశచిహ్నములుగల భూస్వామికిని వానికిని నెడము పెద్దది. ఆ యెడమును దాఁటుటకు జాన్ మోరు పట్టుకొన్న వంతెన న్యాయశాస్త్రము. పెండ్లినాఁటికే, అనఁగా 1474 నాఁటికే, పత్రమున నతని పేరునకుఁ బిదప జెంటిల్మన్ అను మాట చేరియున్నది. రొట్టెలవాని కుమారునికి ఆ బిరుదెట్లు వచ్చెను? న్యాయవిద్యాలయమునఁ జేరినవారు ఆ పేరఁ బిలువఁబడుచుండిరి. క్రెసాకరు తన ముత్తాత తండ్రిని కులీనునిగాఁ జెప్పుటలో ఆ యొక్కమాటమట్టుకుఁ దప్పలేదు. ఆ కులీనత్వము పూర్వులనుండి దిగివచ్చినది కాదు, చదువునుండి వచ్చినది యను సంగతి మాత్ర మతఁడు ఎఱుఁగఁడు.

జాను పైకి వచ్చుటకుఁ జాల కాలము పట్టెను. 1503లో సార్జంటు అను ప్రధాన న్యాయవాదిపదవి, 1518లో కామన్ ప్లీసు న్యాయస్థానమున న్యాయాధిపత్యము, 1520లో కింగ్సు బెంచి న్యాయస్థానమునకు మార్పు. ఆగ్నెసు 1499లో మరణించిన పిదప నతఁడు మఱి మూఁడు పెండ్లిండ్లు చేసికొనెను. 1504లో కుమారుఁడు పార్లమెంటున ఏడవ హెన్రీ కోరిన పన్నును వ్యతిరేకింపఁగా, రాజు కుమారుని నేమియుఁ జేయలేక తండ్రిని టవరునందు బంధించి నూఱు పౌనులు జుల్మానా రాఁబట్టెనని రోపరు చెప్పును. ఆ రోపరే మఱియొక సంగతియుఁ జెప్పెను. తామస్ చాన్సలరై తన న్యాయస్థానమునకుఁ బోవుచు, తండ్రి కింగ్సు బెంచినందు ఆసీనుఁడై యుండినయెడల, ఆ సభలోనికిఁ బోయి అందఱ యెదుట మోఁకరించి ఆశీర్వాదము పొందుచుండెనఁట. తండ్రి 1530లో మరణించెను గావున ఈ దృశ్యము ఒక సంవత్సరముకంటె నెక్కువకాలము జరిగియుండదు.

జాన్ మోరు సంపాదించిన యాస్తిలో హార్ట్‌ఫర్డుషైరునందలి నార్తు మిమ్సు గ్రామపు గోబియన్సు అను జమీను ముఖ్యమైనది. 1535 తరువాత మోరు ఆస్తి యంతయు రాజునకుఁ బోయినది. మేరీ రాణి కాలమున గోబియన్సు తిరిగి కుటుంబమునకు వచ్చినది. తామసునకుఁ గొడుకు ఒక్కఁడే, జాన్. ఇతఁడు యార్కుషైరునందలి బార్న్‌బరో గ్రామపు వారసురాలగు ఆన్ క్రెసాకరును బెండ్లియాడెను. వీరి కుమారుఁడు రెండవ తామస్ మోరు 1531లోఁ బుట్టి 1606 వఱకు జీవించెను. ఇతనికై రోలండు లాకీ యను చిత్రకారుఁడు 1593లో నొక పెద్దచిత్రము వ్రాసెను. అది యిప్పుడు లండను జాతీయ ప్రతిమాచిత్రశాలలో నున్నది. దాని యెడమభాగమున హాల్బైన్ చిత్రించిన మోరు కుటుంబము. కుడిభాగమున ఎలిజబెత్తు రాణి కాలపు దుస్తులతో రెండవ తామస్, భార్య, కుమారులు. మృతులును జీవించియున్నవారును ఒక్క గదిలోఁ గూర్చుండిరి. వారి వంశచిహ్నములును జిత్రింపఁబడినవి. కాథలిక్కు మతము నవలంబించుట అపరాధముగా నెన్నఁబడిన యా దినములలో, మోరు మనుమఁడు తన కుటుంబమును మోరు ప్రక్కనే కూర్చుండఁబెట్టించుకొనుట ఆడంబరము మాత్రమే యనుట న్యాయము కాదు. క్రెసాకరు ఆ యింటనే పెరిగినవాఁడు. అతని గ్రంథమునందలి కులగౌరవపు మాటలు ఈ చిత్రముప్రక్క నుంచి చదువవలెను. ఈ శాఖ మగసంతతి 1795లో జెసూటు సన్న్యాసియగు తామస్ మోరు మరణముతో నంతరించెను.

ఆఁడుబిడ్డల సంతతి వేఱు. పత్రమునందలి పెద్దబిడ్డ జోహానా రిచర్డు స్టేవర్టను అను న్యాయవాదిని బెండ్లియాడెను. కడపటి బిడ్డ ఎలిజబెత్తు జాన్ రాస్టెలును వరించెను. ఇతఁడు న్యాయవాదియు, ముద్రాపకుఁడును, నాటకకర్తయును. వీరి కుమారుఁడు విలియం రాస్టెలు మేనమామ యొక్క ఆంగ్లగ్రంథములను 1557లో నొక సంపుటముగా ముద్రించి, మఱుసటి యేఁడు న్యాయాధిపతియయ్యెను. మోరు ఆంగ్లరచనలు నేఁడు లభించుటకు ఇతని శ్రమయే ముఖ్యకారణము. కుమార్తె జోను నాటకకర్తయగు జాన్ హేవుడును బెండ్లియాడెను. ఆమె కుమార్తె ఎలిజబెత్తు హేవుడు కొడుకే, 1572లోఁ బుట్టిన కవి జాన్ డన్. ఇతఁడు 1592లో లింకన్సు ఇన్నునఁ జేరి, తరువాత మతము మార్చుకొని ఆంగ్లికను మతగురువై, 1616 మొదలు 1622 వఱకు అచ్చటనే మతోపన్యాసకుఁడుగా నుండెను.